చదరంగం గడుల్లో ఇరవై అంకెలు

18446744073709551615.

ఈ సంఖ్యని ఒక్క గుక్కలో చదవగలరేమో ప్రయత్నించండి. మన లెక్కలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. మాటల్లో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వెయ్యి ఆరు వందల పదిహేను. చదివేసరికి ఆయాసం వస్తుంది. కాని ఈ సంఖ్య పుట్టుక మాత్రం చాలా చిన్న మాటలో ఉంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం గింజలు ఇన్ని. అంతే.

ఈ కథ మీ అందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలడగడం, రాజుగారు నవ్వడం, తర్వాత కోశాగారాధికారి పరుగెత్తుకు రావడం. ఆ కథ జోలికి నేను పోను. ఈ సంఖ్య లోపల ఏముందో, దాన్ని చేత్తో ఎలా కడతారో, కట్టాక తప్పు లేదని ఎలా తెలుసుకుంటారో, అదీ నా విషయం. సైన్సువాళ్ళే కాదు, ఆర్ట్సు మిత్రులు కూడా చదవాలని నా కోరిక. పదో తరగతి లెక్కలు చాలు.

ముందు మన తెలుగు సంగతి. పావులూరి మల్లన అనే కవి పదకొండో శతాబ్దివాడని, రాజరాజ నరేంద్రుడి కాలపువాడని సాధారణంగా చెప్తారు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణిత సార సంగ్రహం' అనే గ్రంథాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలకి అదే మొదలంటారు. ఆ మల్లన పేర చెప్పుకునే ఒక చంపకమాలలో, చదరంగపు గడుల గింజల మొత్తం, ఇరవై అంకెలూ పొల్లు పోకుండా ఇమిడి ఉన్నాయి.

అంకెలు పద్యంలో ఎలా ఇముడుతాయి? వాటికి పేర్లు పెడతారు. చంద్రుడంటే 1. అగ్ని అంటే 3. వేదాలు, సముద్రాలు, బ్రహ్మ ముఖాలు అంటే 4. మన్మథుడి బాణాలు 5, తర్కాలు 6, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, శరీరంలోని రంధ్రాలు 9. ఆకాశం శూన్యం గనక 0. ఈ పేర్లని కుడివైపు అంకె నుంచి, అంటే ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి చెప్పుకుంటూ పోతారు. కనక పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. మన సంఖ్య 1తో మొదలై 5తో ముగుస్తుంది గదా! సంఖ్యలో నాలుగు 4లున్నాయి. ఆ నాలుగింటికీ కవి ఒకే మాట వాడలేదు. సముద్రం రెండుసార్లు రెండు పేర్లతో వస్తుంది, మధ్యలో వేదం, చివర బ్రహ్మ ముఖం. ఇలా పర్యాయపదాలుండబట్టే గణాలూ యతీ ప్రాసా కుదిరాయి. ఇంకో తమాషా: ఈ సంఖ్యలో 0 ఉంది, 1 ఉంది, 3 నుంచి 9 దాకా అన్నీ ఉన్నాయి. లేనిది 2 ఒక్కటే. రెండుని రెండుతో గుణించుకుంటూ పోతే వచ్చిన సంఖ్యలో రెండే కనపడదు!

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. సభల్లో కొందరు పెద్దలు "అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారు" అంటుంటారు. నాకు అలాంటి గొప్పలు రుచించవు. ఇంచుమించు క్రీ. శ. 1000 నాటికే అల్ బిరూనీ ఈ సంఖ్యని సరిగ్గా లెక్క కట్టి రాశాడు. మల్లన గొప్ప ముందుండటంలో లేదు. ఇరవై అంకెల సంఖ్యని తెలుగువాడు తెలుగులో నోటికి పట్టేలా చేశాడే, అందులో ఉంది. ఉన్న గొప్ప చాలు, లేనిది అతికించక్కర్లేదు.

సరే, అసలు లెక్కకి వద్దాం. 1, 2, 4, 8 ఇలా 64 పదాలు కూడాలంటే అరవై మూడు కూడికలు చెయ్యాలా? అక్కర్లేదు. కారణం మా ఊళ్ళో ధాన్యం కొలిచేవాళ్ళందరికీ తెలుసు, కాకపోతే వాళ్ళు దాన్ని గణితం అనుకోలేదు.

మాది నాతవరం. నర్సీపట్నం పక్కన, తాండవ రిజర్వాయరు ఉన్న మండలం. ఇప్పుడంటే కాటా, కిలోలు వచ్చేశాయి గాని, పూర్వం కొలతలు గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే! గిద్ద నుంచి కుంచానికి ఆరు మెట్లు. అంటే కుంచానికి 64 గిద్దలు.

ఇప్పుడు కుంచం పక్కన పెట్టి మిగతా ఆరు కొలపాత్రలూ ఒక్కొక్కసారి నింపి ఒక చాట మీద పొయ్యండి. ఎంత ఉంటుంది? 1, 2, 4, 8, 16, 32 కూడనక్కర్లేదు. ఆ చాట మీద ఇంకొక్క గిద్ద గింజలు పొయ్యండి చాలు. ఉన్న గిద్దా ఈ గిద్దా కలిసి అరసోల అయింది. ఉన్న అరసోలా ఈ అరసోలా కలిసి సోల అయింది. సోలా సోలా తవ్వ, తవ్వా తవ్వా మానిక, మానికా మానికా అడ్డ, అడ్డా అడ్డా కుంచం. సరిగ్గా కుంచం నిండింది. కాబట్టి అంతకుముందు చాటలో ఉన్నది కుంచానికి ఒక్క గిద్ద తక్కువ, అంటే 63 గిద్దలు. చదరంగం బల్ల కూడా ఇంతే. ఆరు పాత్రల బదులు అరవై నాలుగు గడులు. మొత్తం ఎంతంటే, అరవై అయిదో గడి ఉంటే అందులో పడాల్సిన గింజలకి ఒక్క గింజ తక్కువ. అంటే 2⁶⁴ − 1. గుణశ్రేఢి సూత్రం అని మనం క్లాసులో కంఠస్థం చేసేది ఈ కుంచం కథనే.

ఈ కొలపాత్రల్లో ఇంకో గుణం ఉంది. ఆరు పాత్రల్నీ తలా ఒకసారికి మించి వాడకుండా 1 నుంచి 63 దాకా ఎన్ని గిద్దలైనా కొలవొచ్చు. 23 గిద్దలు కావాలా? మానిక, సోల, అరసోల, గిద్ద. 45 కావాలా? అడ్డ, తవ్వ, సోల, గిద్ద. ప్రతిదానికీ ఒకే ఒక్క దారి, రెండో దారి లేదు. పాత్ర వాడితే 1, వాడకపోతే 0 అని రాసుకోండి. 45 అంటే 101101. కంప్యూటరు లోపల సంఖ్యలు ఉండేది సరిగ్గా ఈ రూపంలోనే. అరవై నాలుగు పాత్రల కంప్యూటర్ని 64 బిట్ల కంప్యూటర్ అంటాం. అన్ని పాత్రలూ నిండితే, అంటే అరవై నాలుగు 1లు వరసగా రాస్తే వచ్చేది మన మల్లన సంఖ్యే. ఋణ సంఖ్యలు లేకుండా 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అది. ఇంకొక్కటి కలిపితే పాత్రలన్నీ ఖాళీ అయి సున్న దగ్గరికి వస్తుంది, స్కూటరు మీటరు 99999 తర్వాత 00000 చూపించినట్టు.

ఇదేదో వినోదం అనుకోకండి. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి కాలం చెప్పే పాత పద్ధతి యంత్రాలు, గుర్తుకి ఒక బిట్టు పోగా 31 బిట్లలో ఆ లెక్క దాచుకుంటాయి. వాటికి 2147483647 దాటి లెక్క రాదు. ఆ క్షణం 2038 జనవరి 19న వస్తుంది. అందుకే వాటినన్నిటినీ 64 బిట్లకి మార్చే పని సాగుతోంది. తాళాల సంగతీ అంతే. 56 బిట్ల తాళాన్ని, అంటే చదరంగం బల్లలో ఏడు వరసలంత తాళాన్ని, 1998లో ఒక ప్రత్యేక యంత్రం మూడు రోజుల్లోపే బద్దలు కొట్టింది. 64 బిట్ల తాళానికి, అంటే ఎనిమిదో వరస కూడా చేరితే, మూడు లక్షల మందికి పైగా తమ తమ కంప్యూటర్లు కలిపి 1997 నుంచి 2002 దాకా తాళంచెవులు ఒక్కొక్కటే వేసి చూశారు. ఒక్క వరస ఎక్కువైతే పని 256 రెట్లు. రెట్టింపు బలం ఏమిటో దీన్ని బట్టి ఊహించుకోండి.

మరి 2⁶⁴ ని చేత్తో కట్టడం ఎలా? 2 ని 2 తో అరవై మూడుసార్లు గుణించడం మూర్ఖత్వం. మహావీరాచార్యుడు చెప్పిన కిటుకుంది. పదాల సంఖ్య సరిసంఖ్య అయితే సగం చేసి వర్గం, బేసి అయితే ఒకటి తీసి గుణకారం. మనకి 64 వచ్చింది కాబట్టి అదృష్టం, అన్నీ సగాలే. 64, 32, 16, 8, 4, 2, 1. ఆరు వర్గాలు చాలు. 2 వర్గం 4. దాని వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65536. దాని వర్గం 4294967296. ఆఖరి వర్గం 18446744073709551616. ఇందులో ఒకటి తీసెయ్యండి. ఆఖరి రెండు గుణకారాలే కాస్త శ్రమ. ఓపికున్నవాళ్ళు ఒక ఆదివారం మధ్యాహ్నం కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చేసి చూడండి, అరగంట పడుతుంది.

చేశాక తప్పు లేదని నమ్మకం ఏమిటి? తాళపత్రాల కాలంలో ఇది ప్రాణం మీది ప్రశ్న. "నగ" అంటే కొండ, 7. "గగన" అంటే ఆకాశం, 0. రాసేవాడి చెయ్యి ఒక్క అక్షరం జారితే కొండ పోయి ఆకాశం వస్తుంది! మొదటి కాపలా ఛందస్సు. అక్షరం పెరిగినా తగ్గినా చంపకమాల కుంటుతుంది. రెండో కాపలా తొమ్మిది. అంకెలన్నీ కూడండి: 87 వస్తుంది. 8, 7 కూడితే 15, మళ్ళీ 1, 5 కూడితే 6. అంటే ఈ సంఖ్యని 9 తో భాగిస్తే 6 మిగలాలి. మిగులుతుందా? 2⁶ అంటే 64, దాన్ని 9 తో భాగిస్తే శేషం 1. 2⁶⁰ అంటే అలాంటివి పది గుణించడం, శేషం ఇంకా 1. ఇంక మిగిలింది 2⁴, అంటే 16, శేషం 7. అందులో ఒకటి తీస్తే 6. సరిపోయింది.

అయితే తొమ్మిది అంత నమ్మకమైన కాపలాదారు కాదు. పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం మారదు గనక ఊరుకుంటాడు. 0 బదులు 9 వేసినా ఊరుకుంటాడు. అతన్ని కనిపెట్టుకుని ఉండటానికి 11 ని పెట్టాలి. కుడి నుంచి అంకెల్ని ఒకటి కూడి ఒకటి తీసేస్తూ వెళ్ళండి: 5 − 1 + 6 − 1 + 5 − 5 + 9 ఇలా. చివరికి 37 వస్తుంది. 11 తో భాగిస్తే శేషం 4. అటు చూస్తే, 2¹⁰ అంటే 1024, దాన్ని 11 తో భాగిస్తే శేషం 1. కనక 2⁶⁰ కీ శేషం 1. 2⁴ కి శేషం 5. ఒకటి తీస్తే 4. ఇదీ సరిపోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ 11 తప్పకుండా పట్టేస్తుంది. ముగ్గురు కాపలాదారులూ ఒప్పుకున్నాక ఆ పద్యం మీద నాకు గౌరవం మరింత పెరిగింది.

ఈ సంఖ్య ఎంత పెద్దదో మన నేల మీద చెప్పాలంటే వడ్లతోనే చెప్పాలి. గ్రాముకి నలభై గింజలనుకుందాం. 75 కిలోల బస్తాకి 30 లక్షల గింజలు. బల్ల మీద ఇరవై రెండో గడి నిండేలోపు ఒక బస్తా అయిపోతుంది. ఫర్వాలేదు, రాజుగారు నవ్వుతూనే ఉంటారు. తాండవ కింద ఆయకట్టు యాభై వేల ఎకరాల పైమాట. లెక్క తేలిక కోసం యాభై వేలనే అనుకుని, ఎకరాకి ముప్ఫై బస్తాలు పండిందనుకుందాం. మొత్తం 15 లక్షల బస్తాలు, 4,50,000 కోట్ల గింజలు. బల్ల మీద 42 గడులు నిండేసరికి 4,39,804 కోట్ల పైచిలుకు అవుతాయి. అంటే తాండవ ఆయకట్టు పంట యావత్తూ నలభై రెండు గడుల్లో ఇంచుమించు ఖర్చయిపోయింది! ఇంకా ఇరవై రెండు గడులు ఖాళీగా నోళ్ళు తెరుచుకునున్నాయి. ఒక్కొక్కటీ రెట్టింపు. మొత్తం బాకీ తీర్చాలంటే ఏటా ఒక పంట చొప్పున ఆ ఆయకట్టు 41 లక్షల ఏళ్ళు పండాలి, మధ్యలో ఒక్క గింజ ఎవరూ తినకూడదు. లోకం మొత్తం మీద ఏడాదికి 80 కోట్ల టన్నుల వడ్లు పండుతాయనుకుంటే, బల్ల మీది 46 వేల కోట్ల టన్నులకి అయిదు వందల డెబ్భై ఏళ్ళ పైనే పడుతుంది.

కాశీలో 64 బంగారు బిళ్ళల్ని ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మార్చే పూజారుల కథ విన్నారా? అది ఫ్రాన్సులో ఎడ్వార్ లూకా 1883లో బయటపెట్టిన ఆటబొమ్మ చుట్టూ అల్లిన కట్టుకథ. దానికీ సరిగ్గా ఇన్నే కదలికలు కావాలి. సెకనుకొకటి చొప్పున 58 వేల కోట్ల ఏళ్ళు. బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్ళంటారు గదా, ఆ లెక్కన 135 పగళ్ళు. ఇక్కడితో పరిమాణం సంగతి వదిలేద్దాం. పెద్ద సంఖ్యలు పెద్దవని చెప్పడం సులువు, అసలు రుచి కారణాంకాల్లో ఉంది.

బల్లని వరసలుగా చూడండి. మొదటి రెండు గడుల్లో 3 గింజలు. ఆ తర్వాత జత గడుల్లో 12, ఆ తర్వాత 48. ప్రతి జతా 3 కి గుణిజమే. కనక మొత్తం గింజల్ని ముగ్గురన్నదమ్ములు తగువు లేకుండా పంచుకోవచ్చు. నాలుగేసి గడులు చూస్తే 15, కనక అయిదుగురికీ పంచొచ్చు. మొదటి వరస ఎనిమిది గడులూ కలిపి 255, అంటే 15 × 17. రెండో వరసలో ప్రతి గడీ పై గడికి 256 రెట్లు. కాబట్టి రెండు వరసలూ కలిపి 255 × 257. అదే పద్ధతిలో నాలుగు వరసలకి ఇంకో 65537 చేరుతుంది. బల్ల మొత్తానికి ఇంకో 4294967297. అంటే మన సంఖ్య ఇది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఈ ఆరు సంఖ్యలూ గణితంలో పేరున్నవాళ్ళు. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఇందులో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. అది చూసి 1640 ప్రాంతంలో ఫెర్మా ఈ జాతివన్నీ ప్రధానాలే అని నమ్మాడు, ఉత్తరాల్లో రాశాడు. ఆరోది 4294967297 ని ఎవరూ విడదియ్యలేక దాదాపు తొంభై ఏళ్ళు ఊరుకున్నారు. 1732లో ఆయిలర్ విడదీశాడు: 641 × 6700417. పిచ్చివాడిలా 3, 7, 11 అంటూ వరసగా భాగించలేదు. ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం అంటూ ఉంటే అది 64 కి గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. ఆ రకం ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికింది! చూశారా, మళ్ళీ ఆ 64.

భాగించకుండా దీన్ని ఋజువు చెయ్యొచ్చు కూడా. నాకు ఇంతకంటే అందమైన ఋజువు తెలీదు, కాస్త ఓపిక పట్టండి. 641 ని రెండు రకాలుగా రాయొచ్చు: 5 × 128 + 1, అలాగే 625 + 16. మొదటి దాన్ని బట్టి, 5 × 2⁷ ని 641 తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగోసారి దాకా తనతో తానే గుణిస్తే 5⁴ × 2²⁸, శేషం +1. రెండో దాన్ని బట్టి, 5⁴ బదులు −2⁴ వేసుకోవచ్చు. వేస్తే −2³² కి శేషం +1. అంటే 2³² + 1 ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. 2³² + 1 అంటే 4294967297 కదా! బల్ల మీది గింజల్ని 641 మందికి ఒక్క గింజ మిగలకుండా పంచొచ్చని, ఒక్క భాగహారం చెయ్యకుండా తేలిపోయింది.

6700417 కూడా ప్రధాన సంఖ్యే. మొత్తానికి మన సంఖ్యకి ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండుసార్లు రాదు. ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, మానొచ్చు, కాబట్టి భాజకాలు 2⁷, అంటే 128. గింజల్ని సమంగా పంచడానికి 128 రకాలు. కొలపాత్రల కథే మళ్ళీ వచ్చింది, ఈసారి కూడిక బదులు గుణకారంలో.

ఇంకో వింత. గౌస్ 1796లో, ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండకముందే, స్కేలూ కంపాసూ మాత్రమే వాడి 17 భుజాల సమబహుభుజిని గియ్యొచ్చని కనిపెట్టాడు. బేసి భుజాలున్న సమబహుభుజి అలా గియ్యాలంటే, భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమే కావాలి. ఇది తప్పనిసరి అని 1837లో వాంట్సెల్ ఋజువు చేశాడు. ఇప్పటికి తెలిసిన ఫెర్మా ప్రధానాలు 3, 5, 17, 257, 65537 అయిదే. అయిదూ గుణిస్తే 4294967295. అది బల్లలో సరిగ్గా మొదటి నాలుగు వరసల గింజలు! గియ్యొచ్చని మనకి తెలిసినంతలో బేసి భుజాల సమబహుభుజుల్లో అతి పెద్దదానికి భుజాలు అన్ని. గీసే పెన్సిలు ఎవరి దగ్గరుందో నన్నడగొద్దు.

ఆరో ఫెర్మా ప్రధానం ఉందా? 3 ని సున్నావదిగా లెక్కిస్తే 4294967297 అయిదోది. ఆ అయిదోది మొదలు 32వది దాకా అన్నీ విడిపోయేవేనని తేలింది. 33వది ప్రధానమో కాదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. దాన్ని రాయడానికి 258 కోట్ల అంకెలు పడతాయి.